డార్ట్‌మత్ దగ్గరి చిన్న తీరం, అమ్మ ఏరిన ఐదు రాళ్ళు

మా అమ్మ అచ్చనగాయలు ఆడి యాభై ఏళ్ళు దాటి ఉంటుంది. పోయిన వేసవిలో, ఇంగ్లండు నైరుతి కొసన డార్ట్‌మత్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఒక చిన్న గులకరాళ్ళ తీరంలో చతికిలబడి కూర్చుని, ఉసిరికాయంత రాళ్ళు ఐదింటిని ఏరి, ఒకదాన్ని పైకి ఎగరేసి, అది కింద పడేలోపు నేల మీది రాయిని గబుక్కున అందుకుని, దిగి వస్తున్న దాన్ని అదే చేత్తో పట్టుకుంది. మా ఎనిమిదేళ్ళ అబ్బాయి నోరు తెరుచుకుని చూశాడు. కాసేపటికి వాడికీ ఒక రాయి చిక్కింది. బయలుదేరేటప్పుడు అమ్మ ఆ ఐదింటినీ కొంగున ముడి వేసుకుంది. రాయే కదా అనుకుని నేనేమీ అనలేదు. అలా అనుకోవడం పొరపాటని ఆ మర్నాడు నాకు తెలిసివచ్చింది. ఎందుకు పొరపాటో వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

డార్ట్‌మత్ పాత రేవు పట్టణం. 1147లో క్రూసేడు అనే మతయుద్ధానికి బయలుదేరిన ఓడలు ఇక్కడ గుమిగూడాయి. 1620లో అమెరికాకు వలస వెళ్తున్న మేఫ్లవర్ ఓడ, నీరు కారుతున్న తన తోడు ఓడకు మరమ్మతు చేయించడానికి ఇక్కడే ఆగింది. 1944లో, రెండో ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీదికి దండెత్తిన నౌకల్లో కొన్ని వందలు ఈ డార్ట్ నదీముఖం నుంచే కదిలాయి. నది సముద్రంలో కలిసే చోట, 1388 ప్రాంతంలో మొదలుపెట్టి తర్వాతి తరాలు పెంచుకుంటూ పోయిన కోట ఉంది. శత్రువుల ఓడలు లోపలికి రాకుండా ఒకప్పుడు ఇక్కడి నుంచి అవతలి ఒడ్డుకు నదికి అడ్డంగా ఇనుప గొలుసు బిగించేవారు. కోట గోడను ఆనుకునే సెయింట్ పెట్రోక్స్ చర్చి ఉంది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండూ చూసి, టీ తాగి, పడవెక్కి ఊళ్ళోకి తిరిగి వెళ్తారు.

కోట దాటి చెట్ల మధ్య సాగే తీరపు కాలిబాట పట్టుకుని కొంచెం ముందుకు నడిస్తే, ఎడమ చేతివైపు నిటారుగా కిందికి దిగే సన్నని దారి ఒకటి వస్తుంది. అది షుగరీ కోవ్ అనే చిన్న తీరానికి చేరుస్తుంది. పేరు రాయాలా వద్దా అని ఆలోచించాను. పటాల్లో ఉన్న చోటే కాబట్టి రాస్తున్నాను. రెండు రాతి కొమ్ముల మధ్య ఒదిగిన ఈ తీరం ఎంత చిన్నదంటే, పోటు మీద ఉన్నప్పుడు పది కుటుంబాలు కూర్చుంటే ఇక చోటు లేదనిపిస్తుంది. అంగళ్ళు లేవు, కుర్చీలు లేవు. మేము వెళ్ళిన మంగళవారం ఉదయం మాతోపాటు కుక్కను తెచ్చుకున్న ముసలాయన ఒక్కడే ఉన్నాడు.

"ఇదేం సముద్రమే, ఇసుకే లేదు" అంది అమ్మ దిగగానే. ఆమె కాకినాడ దగ్గరి ఉప్పాడలో పుట్టి పెరిగింది. సముద్రమంటే ఆమెకు కాలు కూరుకుపోయే ఇసుక, వరసగా లాగి పెట్టిన తెప్పలు, ఉప్పుచేపల వాసన. ఇక్కడ కాలు వేస్తే రాళ్ళు కరకరమంటూ పక్కకు జారతాయి. అయితే పావుగంట గడిచేసరికి ఆమె చూపు నేల మీదికి దిగింది. ఎండిన రాయి బూడిద రంగులో ఉంటుంది. దాన్నే నీళ్ళలో ముంచితే వంకాయ రంగో, తమలపాకు పచ్చదనమో బయటపడుతుంది, మధ్యలో తెల్లటి క్వార్ట్జ్ చార ఒకటి జంధ్యంలా అడ్డంగా కనిపిస్తుంది. అమ్మ ఒక్కో రాయినీ తడిపి, బొటనవేలితో రుద్ది, మరీ బల్లపరుపుగా ఉన్నవాటిని పక్కన పెట్టేసి, అరచేతిలో దొర్లేవాటిని మాత్రమే ఉంచుకుంది. అచ్చనగాయలకు రాళ్ళు ఏరడంలో ఇంత లెక్క ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

ఆ వంకాయ రంగు, ఆ పచ్చదనం ఈ నేలకు సొంతం. ఇక్కడి పలక రాళ్ళు సుమారు నలభై కోట్ల ఏళ్ళ కిందటివి. భూమి చరిత్రలో ఆ కాలానికి డెవోనియన్ యుగమని 1839లో పేరు పెట్టింది కూడా డార్ట్‌మత్ ఉన్న ఈ డెవన్ సీమను బట్టే. కొండ అంచు విరిగి పడిన ముక్కలను కెరటాలు ఒకదానితో ఒకటి ఒరిపించి, కోణాలు అరగదీసి, చేతిలో దొర్లేంత గుండ్రంగా చేయడానికి పట్టే కాలాన్ని మన తరాలతో కొలవలేం.

ఆ రాళ్ళు అక్కడ ఊరికే పడి లేవు. కెరటం విరిగి ఒడ్డు మీదికి ఎగబాకినప్పుడు నీటిలో చాలా భాగం రాళ్ళ సందుల్లోకి దిగిపోతుంది. వెనక్కి మళ్ళే నీటికి వచ్చినప్పటి బలం ఉండదు కాబట్టి, అది పైకి నెట్టిన రాళ్ళను పూర్తిగా వెనక్కి లాగలేదు. అందుకే గులకరాళ్ళ తీరం మెట్లు మెట్లుగా, ఏటవాలుగా పేరుకుంటుంది. కెరటం వెనక్కి పోయేటప్పుడు చేటలో కందులు చెరిగినట్టు వినిపించే గలగల, ఒక్కో రాయి పక్క రాయిని తాకుతూ కెరటం ఊపును తనలో ఇముడ్చుకుంటున్న చప్పుడు. కాంక్రీటు గోడ కెరటానికి ఎదురు నిలబడుతుంది, దెబ్బ తింటుంది, పాదం దగ్గర నేల కోతకు గురై చివరికి ఒరిగిపోతుంది. రాళ్ళ గుట్ట కెరటంతోపాటు కదులుతుంది, తుఫానుకు ఒక రూపం, ప్రశాంతమైన రోజులకు మరో రూపం తీసుకుంటుంది. వెనుక ఉన్న కొండనూ ఇళ్ళనూ అదే కాపాడుతుంది.

ఈ కాపలా తీసేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి డార్ట్‌మత్ నుంచి ఎంతో దూరం పోనక్కరలేదు. తీరం వెంబడి దక్షిణంగా కారులో వెళ్తే గంట లోపే హాల్‌శాండ్స్ వస్తుంది. మర్నాడు మేము అక్కడికి వెళ్ళాం. ఊరు చూడడానికని వెళ్ళాం కానీ అక్కడ ఊరు లేదు. కొండ అంచున చూపరుల కోసం కట్టిన చప్టా మీద నిలబడి కిందికి చూస్తే, నల్లటి రాతి అరుగు మీద పైకప్పులేని రెండు మూడు గోడలు, వాటిలో ఒక కిటికీ ఖాళీ, ఆ ఖాళీలోంచి కనిపించే సముద్రం. అంతే.

1891 జనాభా లెక్కల్లో హాల్‌శాండ్స్‌లో 37 ఇళ్ళు, 159 మంది ఉన్నారు. పీతలు పట్టి బతికే బెస్తవాళ్ళ ఊరది. ఇళ్ళ ముందు ఎత్తైన గులకరాళ్ళ గట్టు ఉండేది. పడవలు దాని మీదికి లాక్కునేవారు, వలలు దాని మీదే ఆరబెట్టేవారు. ఆ రోజుల్లో ప్లిమత్ దగ్గర కీహమ్‌లో నౌకాదళం తన ఓడల మరమ్మతు రేవును పెద్దది చేస్తోంది. కాంక్రీటుకు కంకర కావాలి. హాల్‌శాండ్స్ ముందున్న రాళ్ళు దగ్గర్లోనే, చవగ్గా, తవ్వుకోవడానికి సిద్ధంగా కనిపించాయి. 1897 ఏప్రిల్‌లో ప్రభుత్వ అనుమతితో యంత్రాలు వచ్చి తవ్వకం మొదలుపెట్టాయి. రోజుకు 1,600 టన్నుల వరకూ తోడుకుపోయిన రోజులున్నాయి.

అనుమతి ఇచ్చే ముందు ఊరివాళ్ళను ఎవరూ అడగలేదు. వాళ్ళు గొడవ చేశాక విచారణ జరిగింది. తీసిన రాళ్ళను సముద్రమే మళ్ళీ తెచ్చి పోస్తుందన్న నమ్మకంతో తవ్వకాన్ని సాగనిచ్చారు. బెస్తవాళ్ళకు కలిగే ఇబ్బందికి గుత్తేదారు ఏడాదికి 125 పౌండ్లు ఇచ్చేట్టు ఒప్పుకున్నాడు. గట్టు ఏటికేడు కుంగింది. చలికాలపు కెరటాలు ఇళ్ళ పునాదులకు తగలడం మొదలైంది. చివరకు 1902 జనవరిలో అనుమతి రద్దు చేశారు. అప్పటికి 6,50,000 టన్నుల రాళ్ళు వెళ్ళిపోయాయి, కొన్నిచోట్ల తీరం పన్నెండు అడుగుల దాకా దిగిపోయింది. తర్వాత రక్షణ గోడలు కట్టారు. 1917 జనవరి 26 రాత్రి తూర్పుగాలి తుఫానూ పెద్ద పోటూ ఒకేసారి వచ్చాయి. మర్నాటి పోటు తగ్గేసరికి ఉండడానికి పనికొచ్చే ఇల్లు ఒకే ఒక్కటి మిగిలింది. ప్రాణాలు మాత్రం ఒక్కటీ పోలేదు, అది వాళ్ళు రాత్రంతా పిల్లలనూ ముసలివాళ్ళనూ కొండ మీదికి చేర్చుకోగలిగినందువల్ల. మిగిలిన ఆ ఒక్క ఇంట్లో ఎలిజబెత్ ప్రెటిజాన్ అనే ఆమె 1964లో చనిపోయేవరకూ ఉంది.

సముద్రం రాళ్ళను ఎందుకు తిరిగి తేలేదన్న దానికి సమాధానంలోనే ఈ వ్యాసపు కీలకం ఉంది. స్టార్ట్ బే అనే ఆ అఖాతం పొడవునా ఉన్న గులకరాళ్ళలో ఎక్కువభాగం చెకుముకి రాళ్ళు. చెకుముకి సుద్దరాతిలో పుడుతుంది. ఆ ఒడ్డున ఎక్కడా సుద్దకొండ లేదు. గత మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగినప్పుడు, అంతకు ముందు పొడినేలగా ఉన్న సముద్రగర్భం మీది రాళ్ళను కెరటాలు వేల ఏళ్ళపాటు తోసుకుంటూ వచ్చి ఇక్కడ ఒడ్డున పోశాయి. నీటిమట్టం నిలకడకు వచ్చాక ఆ రాక ఆగిపోయింది. అంటే ఆ గట్టు ఊటబావి కాదు, ఎప్పుడో ఒక్కసారి నింపి పెట్టిన కుండ. బావి అనుకుని తోడినవాళ్ళు కుండ అడుగు చూశారు. పై నుంచి చూస్తే రెండూ ఒకలాగే నీళ్ళతో కళకళలాడుతుంటాయి, తేడా తోడాక గానీ తెలియదు. తోడేముందు అడగవలసింది అక్కడ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళను. హాల్‌శాండ్స్ బెస్తవాళ్ళు భూగర్భశాస్త్రం చదవలేదు. కానీ ఆ గట్టు ఉంటేనే తమ ఇళ్ళుంటాయన్న సంగతి వాళ్ళకు మొదటిరోజు నుంచే తెలుసు.

చప్టా మీద నిలబడి ఇదంతా అమ్మకు చెప్పాను. "వాళ్ళు ముందే చెప్పలేదా?" అని అడిగింది. చెప్పారన్నాను. "మరి?" అంది. సముద్రమే మళ్ళీ తెచ్చి పోస్తుందన్నారట అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఉప్పాడలో మా తాతయ్య ఇల్లున్న వీధి ఇప్పుడు నీళ్ళలో ఉంది. అమ్మ ఆడుకున్న అరుగు, గుడి ముందు మలుపు, పెద్దమ్మా వాళ్ళ ఇల్లు, ఏవీ లేవు. అక్కడ సముద్రం ముందుకు రావడానికి కారణాలు చాలా చెబుతారు. గోదావరి తెచ్చే ఒండ్రు ఆనకట్టల వెనుకే ఆగిపోవడం ఒకటి, ఒడ్డు వెంట సాగే ఇసుకకు ఓడరేవు కట్టడాలు అడ్డు పడడం మరొకటి, హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఉత్తరంగా పెరుగుతూ అలల దారి మార్చడం ఇంకొకటి. జియోట్యూబులు, అంటే ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు, పేర్చి గోడ కట్టారు, అదీ నిలవలేదు. కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు తుఫాను వచ్చినప్పుడల్లా తెగుతూనే ఉంది. విశాఖలో రేవు గోడల వల్ల ఉత్తరానికి పోయే ఇసుక ఆగిపోతే, డ్రెడ్జర్లతో తోడి తెచ్చి ఆర్‌కే బీచ్ మీద పోయవలసి వస్తోంది. తీరమంటే వచ్చేదీ పోయేదీ సరితూగే జమాఖర్చు. ఏ ఒక్క పద్దును కదిపినా ఫలితం ఇంకెక్కడో ఎవరో ఒకరి వాకిట్లో తేలుతుంది.

తిరిగి కారెక్కాక అమ్మే అంది: "అయితే నేను ఐదు రాళ్ళు తెస్తే ఊరు మునిగిపోతుందా?"

ఇది న్యాయమైన ప్రశ్న, దీన్ని దాటవేయడానికి వీల్లేదు. ఐదు రాళ్ళకూ ఆరున్నర లక్షల టన్నులకూ పోలిక లేదు. షుగరీ కోవ్‌కు వేసవిలో రోజుకు ఇరవై మంది వచ్చి ఒక్కొక్కరు అమ్మలాగే ఐదేసి రాళ్ళు తీసుకుపోయారనుకుందాం. రాయి ముప్పై గ్రాములనుకుంటే రోజుకు మూడు కిలోలు, నూరు రోజులకు మూడు వందల కిలోలు. పెద్ద తుఫాను ఒక్క రాత్రిలో ఇంతకు ఎన్నో రెట్లు అటూ ఇటూ తిప్పుతుంది. లెక్క ఒక్కటే చూస్తే అమ్మదే పైచేయి, ఆ మాట ఆమెతోనూ ఒప్పుకున్నాను.

కానీ తుఫాను తిప్పిన రాయి ఆ తీరం లోపలే ఉంటుంది, మనం తెచ్చిన రాయి తిరిగి రాదు. ఈ తేడాను నేను తేలిగ్గా తీసుకోలేను. రెండు కొమ్ముల మధ్య ఇరుక్కుని, పక్క తీరం నుంచి రాళ్ళు నడిచి వచ్చే దారి అంతగా లేని చిన్న చోట ఇది మరీ వర్తిస్తుంది. ఒక తీరం ఎంత మరుగున ఉంటే అంత ముచ్చటేసి, అంత గుర్తు తెచ్చుకోవాలనిపిస్తుంది. ఎంత చిన్నదైతే దాని కుండ అంత చిన్నది. ఇవాళ ఫోనులో ఒక్క వీడియో చూసి వేలమంది అలాంటి మూలకు చేరుకోగల రోజుల్లో, ఇరవై మంది అనే నా లెక్క ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆలోచించాలి.

దీనికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది మరొకటి ఉంది. "రాయే కదా" అన్న నా మాటా, "సముద్రమే తెచ్చి పోస్తుంది" అన్న 1897 నాటి అధికారుల మాటా ఒకే చోట పుట్టాయి. రెండింటిలోనూ, మనకు పనికొచ్చేది అక్కడ మిగులుగా పడి ఉందన్న నిర్ణయం అడగకుండానే జరిగిపోయింది. మన భాషలో రాయి ఎంత చవకో "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి" అన్న సామెతే చెబుతుంది. ఆ చవకతనం మా అబ్బాయికి నా నుంచి అందకూడదని నా పట్టుదల. వాడు రేపు ఏ కార్యాలయంలోనో కూర్చుని ఒక గట్టునో, ఒక చెరువునో, ఒక మడ అడవినో చూసి ఇది మిగులా, పనిలో ఉందా అని తేల్చవలసిన చోట ఉండవచ్చు. ఎనిమిదేళ్ళప్పుడు గులకరాయి గురించి అడగడం అలవాటైతే, అప్పుడు అడగడం కష్టం కాదు.

చట్టం కూడా ఈ వైపే ఉంది. ఇంగ్లండులో 1949 నాటి తీర రక్షణ చట్టం, ఒడ్డు నుంచి రాళ్ళూ ఇసుకా తీసుకుపోవడాన్ని నిషేధించే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. 2018లో కార్న్‌వాల్ తీరంలోని క్రాకింగ్టన్ హేవెన్ నుంచి సంచిలో రాళ్ళు తీసుకుపోయిన ఒక పర్యాటకుడు, వాటిని తిరిగి తెచ్చి అక్కడే పోయవలసి వచ్చింది. వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడుతుందని అక్కడ బోర్డులు పెట్టారు. అప్పట్లో ఈ వార్త చదివి ఇంత చిన్న విషయానికి ఇంత హడావిడా అనుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

నర్మద నుంచి బాణలింగాన్నీ, గండకి నుంచి సాలగ్రామాన్నీ తెచ్చుకుని తరతరాలు పూజించుకునే వాళ్ళం మనం, రాయిని తెచ్చుకోవడంలో తప్పేముందని ఒక బంధువు నాతో వాదించాడు. ఆ భక్తిని నేను తక్కువ చేయను. రాయిని రాయిగా కాక అంతకన్నా గొప్పదిగా చూడడం దానిలో ఉంది, అది నా వాదానికి బలమే. అయితే మనకు మరో ఆచారం కూడా ఉంది. కాశీకి వెళ్ళినవాళ్ళు తమకు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలి వస్తారు. అమ్మ సీతాఫలం వదిలింది. ఇరవై రెండేళ్ళుగా, చెట్టున పండిన పళ్ళు మాకు వలిచి పెడుతూ తాను ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. గొప్ప చోటికి వెళ్ళివచ్చిన గుర్తుగా తెచ్చుకోవడానికి బదులు వదిలి రావడం మా ఇంట్లోనే ఉన్న సంగతి. షుగరీ కోవ్‌లో నాకు అది గుర్తు రాలేదు.

ఆ తీరానికి వెళ్ళవద్దని నేను అనను. వెళ్ళండి, ఆటు మీద ఉన్న సమయం చూసుకుని వెళ్ళండి. పోటు వేళ కొమ్ముల చుట్టూ తిరిగి రావడానికి దారి ఉండదు. రాళ్ళను తడిపి రంగులు చూడండి, పిల్లలకు అచ్చనగాయలు నేర్పండి. ఆట అయ్యాక ఎక్కడ ఏరారో అక్కడే పెట్టి లేవండి.

మేము అక్టోబరులో మళ్ళీ వెళ్ళాం. అమ్మ అప్పటికే కాకినాడ వెళ్ళిపోయింది. ఆమె మా వంటింటి కిటికీలో వదిలిన రాళ్ళను మా అబ్బాయి పాత లంచ్ బాక్సులో తెచ్చి, పోటు గీతకు కొంచెం కింద ఒక్కొక్కటే పెట్టాడు. నాలుగే ఉన్నాయి. ఐదోది ఏదని ఆ రాత్రి ఫోనులో అడిగితే, తెల్ల చార ఉన్నది తన తులసికోట దగ్గర ఉందని అమ్మ చెప్పింది. "వచ్చే ఏడాది నేనే తెస్తాలే, నువ్వు పోస్టులో పంపమనకు" అంది. ఎంత బరువుంటుందో అని వాడు పక్కనుంచి అడిగాడు. అమ్మ ఫోను పక్కన పెట్టి లోపలికి వెళ్ళి, వంటింటి కాటా మీద తూచి వచ్చి, 32 గ్రాములని చెప్పింది.